పేరు తెలియకుండా నరకొద్దు, నోట పెట్టొద్దు



ఈ నెల గోడ పత్రికకి కవిత రాస్తానని ఎడిటరు అన్నకి మాట ఇచ్చాను. రాయలేకపోయాను. దాని బదులు ఒక మొక్క గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయింది. అన్నం బెల్లు కొట్టేలోపు చివరిదాకా చదవమని మనవి.

మన నీళ్ళ తొట్టి వెనకాల, కూరగాయల మడికి ఆనుకొని ఉన్న పొదలు అందరికీ తెలుసు. రోజూ పొద్దున బట్టలు ఆరేసేది వాటి మీదే. ఏప్రిల్‌లో మనం సెలవులకి ఇళ్ళకి వెళ్ళేటప్పుడు అవి ఆకు లేని మోడులు. జూన్‌లో తిరిగొచ్చేసరికి చిగుర్లు. దసరా సెలవుల తర్వాత కాయలు. ఈ నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం నాలుగో తరగతి తమ్ముళ్ళు ఇద్దరు ఆ కాయలు పగలగొట్టి లోపలి గింజలు తిన్నారు. వేరుశనగ పప్పులా కమ్మగా ఉన్నాయట. గంట తిరక్కుండానే గొంతు మంట అన్నారు. తర్వాత వాంతులు, కడుపు నొప్పి, విరేచనాలు. వాళ్ళ పేర్లు నేను రాయను. ఇప్పటికే మెస్సులో అందరూ ఏడిపిస్తున్నారు, ఇక మీదట ఏడిపించకండి.

నర్సమ్మ గారు వచ్చి మొట్టమొదట అడిగిన మాట ఒకటే. "ఏం తిన్నారు?" గింజలు అన్నాం. "ఏ చెట్టు గింజలు?" అంటే ఒకడు పత్తి జాతి అన్నాడు. ఒకడు ఆముదం అన్నాడు. ఇంకొకడు వాళ్ళ ఊరి మాటలో ఏదో పేరు చెప్పాడు. అది పక్క ఊరి వాడికే తెలియలేదు. అడవిలో పుట్టిన పిల్లలం ఇంతమందిమి ఉండి, రోజూ బట్టలు ఆరేసుకునే మొక్క పేరు ఒక్కరం సరిగ్గా చెప్పలేకపోయాం. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు గారూ అదే ప్రశ్న. అప్పుడు ఒకరు వెనక్కి వచ్చి, కాయలున్న కొమ్మ విరిచి పట్టుకెళ్ళారు. సెలైన్ ఎక్కించారు. మర్నాడు సాయంత్రానికి ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. దేవుడు చల్లగా చూశాడు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. అది చెప్పకుండా అభిప్రాయం రాస్తే అబద్ధం రాసినట్టే.

సెప్టెంబరులో ఆ ఇద్దరిలో ఒకడు నన్ను అడిగాడు. "అన్నా, ఇదేం మొక్క?" అని. మాది కొండ మీద ఊరు. మా అయ్య అడవికి పోతే నేను వెంట పోయేవాణ్ణి. అందుకని మొక్కల సంగతి ఏదైనా నన్నే అడుగుతారు. నాకూ అది గొప్పగానే ఉంటుంది. ఆకు వైపు ఒక్కసారి చూశాను. గుండె ఆకారంగా కనబడింది. "గంగరావి రా, ఏం కాదు" అనేశాను. నాకు తెలియదు. తెలియదు అని చెప్పడానికి సిగ్గేసింది. ఆస్పత్రిలో మంచం మీద పడుకుని వాడు అన్న మాట ఏమిటంటే, "అన్న ఏం కాదన్నాడు గదా" అని. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సోమవారం సైన్సు మాష్టారు మమ్మల్ని ఆ పొద దగ్గరికే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. కొడతారనుకున్నాం. కొట్టలేదు. "ముందు పేరు చెప్పకండి. కళ్ళకి కనపడింది కాయితం మీద రాయండి" అన్నారు. మేం రాసింది ఇది.

ఎత్తు మనిషికి ఒకటిన్నర ఉంది. బెరడు నున్నగా, బూడిద రంగు. పైన పలచటి పొర కాయితంలా లేస్తుంది. ఆకులు ఎదురెదురుగా కాక ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆకు అరచెయ్యంత, కాడ పొడుగు. కొన్ని ఆకులు గుండె ఆకారం, కొన్నిటికి మూడు నుంచి ఐదు మూలలు. కాడ విరిస్తే సబ్బు నీళ్ళలాంటి రసం వస్తుంది. నా చొక్కా మీద పడి గోధుమ రంగు మరకైంది, ఉతికినా ఈ రోజుకీ పోలేదు. పూలు చిన్నవి, ఆకుపచ్చ కలిసిన పసుపు, గుత్తులుగా ఉన్నాయి. కాయ చిన్న నిమ్మకాయంత. పచ్చగా ఉండి, పసుపయ్యి, ఎండితే నల్లబడుతుంది. కోస్తే మూడు గదులు, గదికొక గింజ. గింజ నల్లగా, ఇంచికి కొంచెం తక్కువ పొడవు. పైపెచ్చు తీస్తే తెల్లటి పప్పు.

ఇంత రాసేసరికి నా గంగరావి పోయింది. గంగరావి పువ్వు బెండ పువ్వులా పెద్దగా, పసుపుగా ఉండి, వాడేటప్పుడు ఎర్రబడుతుంది. ఇక్కడి పువ్వు వేలి గోరంత కూడా లేదు. పువ్వు రాకముందు ఆకొక్కటి చూసి పేరు పెట్టినందుకు నాకు తగిన శాస్తి.

"మూడు గదుల కాయ ఇంకెక్కడైనా చూశారా?" అని మాష్టారు అడిగారు. ఆముదం కాయ అన్నాడు మా క్లాసు వాడు. అక్కడి నుంచి దారి దొరికింది. ఇది ఆముదం కుటుంబమే. పుస్తకంలో వెతికితే జట్రోఫా కర్కాస్ అని ఉంది. ఆ పేరు పెట్టినది లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, 1753లో. తెలుగులో అడవి ఆముదం అంటారు, నేపాళం అని కూడా అంటారు. గింజలో నూనె ఉంటుంది, దానితోపాటు విషమూ ఉంటుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. అందుకని "కాల్చుకు తింటే ఏం కాదు" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆ మాటకొస్తే మనం తలకి రాసుకునే ఆముదం వచ్చే గింజ కూడా విషమే. నూనె వేరు, గింజ వేరు.

మాష్టారు గారి ఫోనులో మొక్క ఫొటో తీస్తే పేరు చెప్పే ఏర్పాటు ఉంది. ఆకొక్కటి తీసి చూపిస్తే వేరే పేరు చెప్పింది. కాయా పువ్వూ కలిపి చూపిస్తే సరైన పేరు చెప్పింది. మనం ఎంత చూపిస్తే దానికి అంతే తెలుస్తుంది. నాలాగే అదీ ఆకు చూసి తొందరపడింది.

మరుసటి ఆదివారం మా అవ్వ నన్ను చూడ్డానికి వచ్చింది. తొట్టి వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. అవ్వ ఏమీ అడగలేదు. ఒక ఆకు కాడ తుంపి, ఆ రసంలోకి ఊదింది. బుడగ వచ్చింది! చిన్నపిల్లలా నవ్వింది. "మా చిన్నప్పుడు దీంతోనే బుడగలు ఊదుకునేవాళ్ళం. మేక ముట్టదురా దీన్ని, అందుకే దడికి పాతుతారు. గింజ మాత్రం నోట పెట్టనిచ్చేవాళ్ళు కాదు" అంది. పుస్తకానికి మాకు రెండు పీరియడ్లు పట్టింది. అవ్వకి ఒక్క నిమిషం. తర్వాత నా మొహం చూసి ఒక మాట అడిగింది. "మీకెవరూ చెప్పలేదా అయ్యా?"

ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది. ఎవరు చెబుతారు? నేను ఎనిమిదేళ్ళప్పుడు హాస్టలుకి వచ్చాను. ఏడాదిలో పది నెలలు ఇక్కడే. సెలవులకి వెళ్ళినప్పుడు అడవిలో ఆ కాలానికి ఉన్నదే చూస్తాం. ఇప్పపువ్వు రాలే కాలం పరీక్షల కాలం. కొండ మీద దుంపలు తవ్వే కాలంలో మనం ఇక్కడ ఎక్కాలు చదువుతుంటాం. చదువు వద్దని నేను అనడం లేదు. చదువు కావాలి, అందుకే అమ్మా అయ్యా పంపించారు. కానీ ఈ చదువు వస్తూ వస్తూ ఆ చదువు పోతే, మనం అడవి పిల్లలం అని గొప్పలు చెప్పుకోవడమే మిగులుతుంది. నా గొప్ప ఎంతవరకు వచ్చిందో చూశారు గదా.

పెద్దవాళ్ళకి తెలిసింది పేరొక్కటే కాదు. చేదు దుంప మా ఊళ్ళో తింటారు. దాన్ని పలచగా తరిగి, ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఉంచి, చేదు పోయాకే తింటారు. తొందరపడితే కడుపు పాడవుతుంది. ముష్టి చెట్టూ చిల్ల చెట్టూ దగ్గర చుట్టాలు. చిల్లగింజ అరగదీసి బురద నీళ్ళలో కలిపితే నీళ్ళు తేటపడతాయి. ముష్టి గింజ తింటే మనిషి బతకడు. ఇది అది అనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే మొక్కని గుర్తుపట్టడం అంటే పేరు బట్టీ పట్టడం కాదని నా అభిప్రాయం. ఏ భాగం, ఏ నెలలో, దేనికి, ఎంత, ఇవన్నీ కలిస్తేనే గుర్తుపట్టినట్టు.

ఒక్క పేరుతో కూడా మోసపోతాం. నేపాళం అని ఆయుర్వేదం వాళ్ళు అనేది ఇంకో మొక్కని. దాని గింజ ఇంతకంటే ఘాటైన విరేచనకారి. ఒక పేరుకి రెండు మొక్కలు, ఒక మొక్కకి నాలుగు పేర్లు. కాబట్టి ఎవరైనా పేరు చెప్పగానే ఆగిపోకుండా మొక్కని కూడా చూడాలి.

ఇంకో విచిత్రం. మనం అడవి మొక్క అనుకున్న ఇది అసలు మన అడవిదే కాదు. మెక్సికో, మధ్య అమెరికా దేశాల మొక్క. పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద ఆఫ్రికాకి, ఆసియాకి చేరిందని చెబుతారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దీని నూనెతో డీజిలు చేయవచ్చని సిఫారసు చేసింది. ఆ తర్వాత చాలాచోట్ల బంజరు భూముల్లో నాటించారు. అనుకున్నంత కాపు రాక ఆ హడావుడి తగ్గిపోయింది. మరి మన తొట్టి వెనక ఎవరు నాటారు? వాచ్‌మన్ తాతని అడిగాను. "చాన్నాళ్ళ కిందట మడికి మేకలు పడుతుంటే దడి కట్టాం గదా, ఆ పుల్లలే చిగిర్చాయి" అన్నాడు. అంటే పాతినది మన బడి వాళ్ళే. పాతిన వాళ్ళు వెళ్ళిపోయారు, పేరూ వాళ్ళతోనే వెళ్ళిపోయింది, మొక్క మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు వార్డెన్ గారికి నా మనవి. వచ్చే ఆదివారం శ్రమదానం పెట్టి హాస్టలు వెనకాల ఉన్న పొదలన్నీ నరికించాలని చెప్పారు. సార్, మీరు మా మంచి కోసమే చెప్పారు. ఆ రాత్రి ఆస్పత్రి బెంచీ మీద మీరు కూర్చునే ఉన్నారని మాకు తెలుసు. తొట్టి దగ్గర చిన్నపిల్లల చేతికందే అడవి ఆముదం మొక్కలు తీసెయ్యాల్సిందే. నరికితే మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి వేళ్ళతో పెకలించాలి. కాయలు ఏరి గోతిలో పూడ్చాలి. దానికి నేనే ముందు పలుగు పట్టుకుంటాను.

కానీ అన్నీ నరికితే ప్రమాదం పోతుందనే మాటతో నేను ఏకీభవించను. అక్కడే వావిలి ఉంది. జలుబు చేస్తే దాని ఆకుతో ఆవిరి పట్టుకుంటున్నాం. తంగేడు ఉంది, ఉసిరి మొక్క ఉంది. వాటినేం చేస్తాం? ఇంకో సంగతి. ఆఫీసు గది ముందు వరసగా పచ్చగన్నేరు మొక్కలున్నాయి. వాటికి మనమే వంతుల ప్రకారం నీళ్ళు పోస్తున్నాం, పూలు కోసి దేవుడి పటానికి పెడుతున్నాం. పచ్చగన్నేరు గింజ అడవి ఆముదం కంటే చాలా ప్రమాదం. గుండె మీద పనిచేస్తుంది, ప్రాణమే తీస్తుంది. కంచె మీద గురివింద తీగ ఉంది. ఎర్రటి ఆ గింజలతో ఆరో తరగతి వాళ్ళు దండలు గుచ్చుకుంటున్నారు. అదీ విషమే. చెత్తగుంట దగ్గర ఉమ్మెత్త సంగతి సరేసరి. ముందువైపు అందంగా ఉన్నదాన్ని పెంచుతూ, వెనకవైపు పేరు తెలియనిదాన్ని నరికితే ప్రయోజనం ఏముంది? మనం ఇప్పుడు మొక్క అందం చూసి తీర్పు చెబుతున్నాం, నేను ఆకు చూసి చెప్పినట్టే.

"ఇదంతా పిల్లలకి నేర్పుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది?" అని ఒక మాష్టారు అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. మాకు పబ్లిక్ పరీక్షలున్నాయి. కానీ సిలబస్‌లోనే ఆకుల అమరిక, పుష్పం భాగాలు, ఫలాలు ఉన్నాయి గదా. బోర్డు మీద మందార పువ్వు బొమ్మ గీసే బదులు నెలకి ఒక్క పీరియడు తొట్టి వెనక చెబితే చాలు. సిలబస్సూ అవుతుంది, పిల్లలూ బతుకుతారు.

నా సలహాలు ఇవి. పెద్దలు ఆలోచించాలి.

ఒకటి. మన బడి ఆవరణలో ఉన్న మొక్కలకి ఒక రిజిస్టరు పెట్టాలి. ఒక్కో మొక్కకి ఒక పేజీ. ఆకు, పువ్వు, కాయ మూడూ చూశాకే పేరు రాయాలి. అప్పటిదాకా "తెలియదు" అని రాసి ఖాళీ ఉంచాలి. తెలుగు పేరుతోపాటు కోయ వాళ్ళ మాటలో ఏమంటారో, కొండరెడ్లు ఏమంటారో అన్నీ రాయాలి. నర్సమ్మ గారు అడిగిన రోజు ఒకడు చెప్పిన పేరు మనకి అర్థం కాలేదు. అది తప్పు పేరు కాదేమో, మనకి తెలియని పేరేమో.

రెండు. ఆదివారాలు మనల్ని చూడ్డానికి వచ్చే అవ్వలు, తాతలు మెస్సు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళని పొదల దగ్గరికి పిలిచి అడగాలి. ఇలా అడిగి రాసుకోవడం చిన్నతనం కాదు. రాక్స్‌బర్గ్ అనే డాక్టరు 1780లలో మన సామర్లకోటలో ఉండి మొక్కలు పరిశోధించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. అవి గీసింది మన దేశపు చిత్రకారులే. ఆయన రాసిన పుస్తకాల్లో మొక్కల తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అంత చదివినాయనే మన ఊళ్ళవాళ్ళ పేర్లు రాసుకున్నాడు. మన అవ్వని మనం అడగడానికి ఏం?

మూడు. విషమున్న మొక్కలు ఎక్కడ ఉంచినా, పక్కన రేకు మీద పేరు, "తినరాదు" అన్న మాట పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. చదవడం రాని చిన్నవాళ్ళ కోసం బొమ్మ వెయ్యాలి. బొమ్మలు వేసే పని పదో తరగతి అన్నలు ఒప్పుకున్నారు. పచ్చగన్నేరు మాత్రం ముందువైపు నుంచి తీసేసి మందార పెట్టాలని నా కోరిక.

నాలుగు. ఎవరైనా తెలియని కాయో గింజో తింటే దాచిపెట్టొద్దు. వార్డెన్ గారు కొడతారని ఆ రోజు తమ్ముళ్ళు అరగంట దాచారు. నోరు కడిగించి, వెంటనే చెప్పి, 108కి ఫోను చేయించాలి. ఉప్పు నీళ్ళు పట్టించి కక్కించే ప్రయత్నాలు చెయ్యొద్దు. ఆ మొక్క కొమ్మ, కాయతో సహా, ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి. చెప్పినవాణ్ణి ఆ రోజు తిట్టబోమని పెద్దవాళ్ళు కూడా మాట ఇవ్వాలి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పెరటి చెట్టు పేరు తెలియకపోతే మందుకీ పనికిరాదు, ముప్పూ తప్పదు అని నాకు ఇప్పుడు తెలిసింది. రిజిస్టరు కోసం నేను ఒక వంద పేజీల నోట్సు కొన్నాను. మొదటి పేజీలో అడవి ఆముదం రాశాను. రెండో పేజీలో, వంటశాల వెనక తెల్ల పూలు పూసే ముళ్ళ పొద గురించి రాశాను. పేరు దగ్గర "తెలియదు" అని ఉంది. తెలిసినవాళ్ళు వచ్చి చెప్పండి. కాయ కాసేదాకా నేను మాత్రం చెప్పను.

నాలుగో తరగతి తమ్ముళ్ళిద్దరికీ ఈ గోడ మీద అందరి ముందూ చెబుతున్నాను. తప్పు మీది కాదు, నాది. ఇక మీదట నన్ను ఏదైనా అడిగితే, తెలిస్తేనే చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. ఇద్దరం కలిసి వెళ్ళి తెలిసినవాళ్ళని అడుగుదాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి